కారు కరెంటుకూ లైన్ క్లియర్ కావాలి

కరెంటు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా కాలనీకి ఫిర్యాదు మీద వస్తుంటారు. పని అయ్యాక నన్ను గుర్తుపట్టి, "మేడం, మీ సర్వీసులో నేర్చుకున్నది ఒక్క ముక్క చెప్పండి" అంటారు. ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాదు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెడితే సాయంత్రం దాకా చెప్తాను. వాళ్ళకేమో ఇంకో ఫోన్ వస్తుంది, బండెక్కి పోతారు. అందుకే ఇలా రాస్తున్నాను. కాగితం మధ్యలో లేచి పోదు కదా.

మాది తెనాలి దగ్గర పల్లె. సబ్ ఇంజనీరుగా దిల్‌సుఖ్‌నగర్‌లో చేరినప్పుడు ఆ సెక్షన్‌లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, ఎల్.బి. నగర్, మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్, అలా ఈ తూర్పు వైపే తిరిగి తిరిగి రిటైరయ్యాను. ఏ పోస్టు ఎప్పుడొచ్చింది, ఎవరు ఆపారు, ఎవరు ఇప్పించారు లాంటివి మా ఇంట్లోవాళ్ళే వినరు, మీకెందుకు? నేను చెప్పదలచుకున్నది వేరే. నేను దిగిపోయాక ఈ వృత్తిలోకి ఒక కొత్త వింత వచ్చింది. కరెంటు తాగి నడిచే కారు, కరెంటు పోయినప్పుడు ఇంటికే తిరిగి కరెంటు పోస్తోంది! ఈ మాట రాస్తుంటేనే నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. ఇలాంటి సమయంలో రిటైరయినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

చంద్రశేఖరం గారు మాట్లాడని సమయం

నా మొదటి ఆఫీసరు చంద్రశేఖరం గారు. వాగుడుకాయ. టీ కొట్టు దగ్గర మొదలుపెడితే ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ లైన్‌మన్ స్తంభం ఎక్కాడంటే మాత్రం ఆయన నోరు కట్టేసినట్టు అయిపోయేది. స్తంభం కింద నిలబడి, పైకి చూస్తూ, ఎవరు పలకరించినా జవాబిచ్చేవారు కాదు. ఒకసారి మా పెద్దాఫీసరే జీపు దిగి వచ్చి ఏదో అడిగితే, చెయ్యెత్తి ఆగమన్నారు. పెద్దాఫీసరు ముఖం ఎర్రగా అయింది. ఈయన చూపు మాత్రం తీగ మీదే.

కొత్తవాళ్ళకు లైన్ క్లియర్ అంటే ఏమిటో ఆయన చెప్పిన పద్ధతిలోనే చెప్తాను. సబ్‌స్టేషన్‌లో ఉన్న మనిషి "ఈ లైను ఆపేశాను, నువ్వు ముట్టుకోవచ్చు" అని లైన్‌మన్‌కు మాటిస్తాడు. ఆ మాటే లైన్ క్లియర్. దాన్ని ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగివ్వాలి. లైన్‌మన్ తరఫున తమ్ముడు ఇచ్చినా చెల్లదు, ఆఫీసరు ఇచ్చినా చెల్లదు. పైనున్న మనిషి కిందికి దిగి, తన నోటితో "నేను దిగాను" అంటేనే స్విచ్ మీద చెయ్యి పడాలి.

తర్వాత వచ్చిన ఆఫీసర్లలో కొందరికి ఇదంతా చాదస్తంగా కనిపించేది. ఒకాయన చేతిలోంచి ఫోన్ దిగేది కాదు. "అయిందా? అయిందా?" అని స్తంభం మీదున్న మనిషినే అడిగేవాడు. ఆయన తెలివైనవాడే, లెక్కల్లో నా కంటే ఘనుడు. కానీ అలాంటివాళ్ళు ఈ ఉద్యోగానికి పనికిరారు. మొహమాటం లేకుండా రాస్తున్నాను.

చీరల కొట్టు జనరేటర్

ఆషాఢం సేల్స్ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కాలు పెట్టడానికి చోటుండదు. అలాంటి ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్ కాలిపోయింది. జంపర్ అంటే ఒక తీగ నుంచి ఇంకో తీగకు కట్టే చిన్న ముక్క. లైన్‌మన్ యాదగిరి ఎక్కాడు. లైన్ క్లియర్ ఉంది. ఫ్యూజులు పీకి తన సంచిలో వేసుకున్నాడు. అంతా పద్ధతిగానే జరిగింది.

ఎదురుగా ఒక చీరల కొట్టు ఉంది. గిరాకీ వెళ్ళిపోతుందని జనరేటర్ వేశారు. లైన్ కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా మధ్యలో ఒక మార్పిడి స్విచ్ ఉంటుంది. చేంజోవర్ అంటాం. అది పాడయితే, కొట్టువాళ్ళ మెకానిక్ దాన్ని తప్పించి రెండు వైర్లూ నేరుగా కలిపేశాడు. జనరేటర్ మొదలుకాగానే ఆ కరెంటు కొట్టులో ఆగకుండా వీధి తీగలోకి ఎక్కింది. యాదగిరి బెల్టు మీద వేలాడాడు. నేను కింద ఉన్నాను. ఒక అరుపు వినిపించింది. అది నాదో, ఇంకెవరిదో ఇప్పటికీ తెలియదు.

బతికాడు. కుడి అరచెయ్యి కాలింది. దవాఖానలో చూడటానికి వెళ్తే, "మేడం, నేను అంత మంచిగనే చేసిన గదా, గీ కరెంటు ఎక్కడికెల్లొచ్చింది?" అని అడిగాడు. ఆ రోజు నుంచి నా పని మారిపోయింది. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటును ఆపితే సగం పనే అయినట్టు. వీధిలో ఇంకెవరి దగ్గర కరెంటు పుడుతోందో కూడా చూడాలి. ఆ తర్వాత ఏ లైను మీద పనున్నా ముందు ఆ వీధంతా నడిచి, జనరేటర్ చప్పుడు ఎక్కడైనా వినిపిస్తోందేమో చూసేదాన్ని. ఇక్కడే చిక్కు. జనరేటర్ అరుస్తుంది, పొగ వదులుతుంది, ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. కారు చప్పుడు చెయ్యదు.

కారులోంచి టీ

మా ఎదురు వరసలో, వీధి కొసన డేవిడ్ ఇల్లు. వాళ్ళది నల్లగొండ వైపు. మందుల కంపెనీలో పని, ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కింద పార్కింగ్, ఒక చిన్న పోర్షన్ కిరాయికి. మొదటి అంతస్తులో డేవిడ్, భార్య సునీత, తల్లి మార్తమ్మ. ఆయన ఎలక్ట్రిక్ కారు కొన్నాడని తెలిసి చూడటానికి వెళ్ళాను.

"ఆంటీ, మీకొక తమాషా సూపిస్త" అన్నాడు. కారుకు ఛార్జింగ్ పెట్టే చోట ఒక చిన్న పరికరం తగిలించాడు. దానికి మన ఇంట్లో ఉన్నట్టే మూడు రంధ్రాల సాకెట్. అందులో కరెంటు పొయ్యి ప్లగ్ పెట్టి, పార్కింగ్‌లోనే టీ కాచాడు. నేను నోరెళ్ళబెట్టాను. ఇంటికి పరుగెత్తి, ఇంకా పారెయ్యని నా టాంగ్ టెస్టర్ తెచ్చాను. అది తీగను పట్టుకుని కరెంటు ఎంత పోతోందో, వోల్టేజీ ఎంతుందో చూపే పట్టకారు. చూస్తే అచ్చం మన లైన్ కరెంటే, ఇంకా నిలకడగా ఉంది! టీ చల్లారిపోయింది, నేను తాగనే లేదు. మిక్సీ తెమ్మన్నాను, ఫ్రిజ్ తగిలించమన్నాను, ఇస్త్రీ పెట్టె పెట్టించాను. సునీత పైనుంచి తొంగిచూసి, "ఆంటీ, ఇగ మా వాషింగ్ మెషిన్ గూడ దింపాల్నా?" అంటూ నవ్వింది.

ఇన్వర్టర్ బ్యాటరీని ఒక బిందె అనుకుంటే, ఆ కారు కడుపులో ఉన్నది డాబా మీద నీళ్ళ ట్యాంకు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ పెట్టుకుని ఒక సంసారం నిశ్చింతగా రోజు గడిపేయొచ్చు. ఉద్యోగంలో ఉన్నప్పుడు గాలివాన రాగానే ఎన్ని ఇళ్ళ నుంచి ఏడుపు గొంతులు విన్నానో! పసిపిల్లలున్నవాళ్ళు, పరీక్షలున్నవాళ్ళు, ముక్కుకు గొట్టం పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళందరి గేట్ల ముందూ ఇలాంటి ట్యాంకు నిలబడి ఉంటుందని తలుచుకుంటే నా కళ్ళు చెమర్చాయి. దాచుకోవడం ఎందుకు, ఏడ్చాను.

అయితే గుడ్డిగా ఎగిరి గంతెయ్యొద్దు. అన్ని కార్లకూ ఈ సదుపాయం ఉండదు, కొనేముందు అడగాలి. బోరు మోటారు, లిఫ్ట్ దాని మీద రుద్దొద్దు. రోగి ఉన్న ఇంట్లో కారును పూర్తిగా పిండేయకూడదు, దవాఖాన దాకా వెళ్ళేంత మిగల్చాలి. ఇంటి వైరింగ్‌కు కలపాలనుకుంటే లైసెన్సున్న మనిషితో చేంజోవర్ పెట్టించాలి. అది పెట్టించేదాకా కారు సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి, కావలసిన వస్తువును నేరుగా దానికే తగిలించాలి. ఇవన్నీ డేవిడ్‌కు ఆ రోజే చెప్పాను. బుద్ధిగా తల ఊపాడు. టీ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు అందరూ తల ఊపుతారు.

గేటు లైటు

మే నెలలో ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి గాలిదుమ్ము లేచింది. మా వీధి చివరికి కాస్త ఇవతల ఉన్న తురాయి చెట్టు పెద్ద కొమ్మ విరిగి లైను మీద పడింది. తీగలు తెగి వేలాడాయి. వీధంతా కరెంటు పోయింది.

గాలి తగ్గగానే నా కాళ్ళు స్తంభం వైపే వెళ్ళాయి. ఫిర్యాదు మీద వచ్చింది ఎవరనుకున్నారు? యాదగిరి! జుట్టు నెరిసింది, ఇంకొన్నాళ్ళలో తనూ దిగిపోతాడు. "మేడం, మీరింక ఇంట్ల కూసోరా?" అని నవ్వాడు. లైన్ క్లియర్ తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి సంచిలో వేసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తీగలకు ఎర్త్ చైను తగిలించాడు. పొరపాటున కరెంటు వచ్చినా ఆ చైను మీదుగా భూమిలోకి పోతుంది. తెగిన తీగకు రెండు పక్కలా వెయ్యాలి కానీ, ఇంకో చైను అవతలి వీధిలో పనిచేస్తున్న వాళ్ళ దగ్గరుంది. "తెస్తున్నరు మేడం, గా లోపల కొమ్మ కోస్త" అని నిచ్చెన ఎక్కాడు.

ఈలోపు డేవిడ్ ఇంట్లో జరుగుతున్నది నాకు తెలియదు. మార్తమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకుంది. పాత ఇన్వర్టర్ కాసేపు లాగి చేతులెత్తేసింది. అవసరానికని పెట్టుకున్న చిన్న సిలిండర్‌లో ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. తల్లి రొమ్ము ఎగిరెగిరి పడుతుంటే, పాపం, ఏ కొడుక్కి చెప్పిన జాగ్రత్తలు తలలో నిలుస్తాయి?

నేను స్తంభం కింద నిలబడి ఉండగా పిల్లలు కేకలు పెట్టారు. "కరెంటొచ్చింది! కరెంటొచ్చింది!" తిరిగి చూశాను. వీధంతా చీకటిగా ఉంది. డేవిడ్ ఇంటి గేటు లైటు ఒక్కటే వెలుగుతోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫ్యూజులు యాదగిరి సంచిలో ఉన్నాయి. ఆ లైటుకు కరెంటు ఎక్కడిది? తెగిన తీగకు చైను వెయ్యని పక్క డేవిడ్ ఇంటి వైపే ఉంది.

"యాదగిరీ! తీగ ముట్టకు! చేతులు తియ్!"

ముప్పైల్లో ఉన్నదాన్లా పరుగెత్తాను. పార్కింగ్‌లో కారు, కారు నుంచి ఒక వైరు, ఆ వైరు రెండో కొస గోడ సాకెట్‌లో. రెండు కొసలకూ ప్లగ్గులే! గోడ దగ్గర పీకితే ఆ పిన్నులు చేతిలో నిప్పులు. ముందు కారు వైపు పీకాను, ఆ తర్వాత గోడ వైపు. గేటు లైటు ఆరిపోయింది.

మెట్ల మీద దబదబ చప్పుడు. డేవిడ్ దిగొచ్చాడు. ముఖం చూస్తే భయమేసింది.

"ఎందుకు పీకిండ్రు ఆంటీ? మా అమ్మకు ఊపిరందుతలేదు! మెయిన్ బంద్ చేసే పెట్టిన గదా! నేనేమన్న పిచ్చోణ్ణా?"

"పైన మిషన్ నడిచిందా డేవిడూ?"

ఆగాడు. "లేదు. అన్నీ మంచిగనే పెట్టిన, పైన ఒస్తలేదు. గదే చూస్తున్న."

"రాదయ్యా! నువ్వు ఆపింది నీ పోర్షన్ మెయిన్. ఈ సాకెట్ నీ మీటరుది కాదు, కామన్ మీటరుది. గేటు లైటు, మెట్ల లైట్లు, మోటారు, అన్నీ దాని మీదే. దాని మెయిన్ వేసే ఉంది. నీ కారు కరెంటు మీ అమ్మ దగ్గరకు పోలేదు, స్తంభం మీదున్న మనిషి దగ్గరకు పోయింది!"

ఇది ఎంత మన ఊరి పొరపాటో చూడండి. ఒక్కో పోర్షన్‌కు ఒక్కో మీటరు, నీళ్ళ మోటారుకూ మెట్లకూ ఇంకోటి. ఇల్లు కట్టేటప్పుడు వైరింగ్ మేస్త్రీ ఏ సాకెట్‌ను దేని మీద వేశాడో సొంతదారుకే తెలియదు. ఇంత కాలంగా అదే సాకెట్ నుంచి కారుకు ఛార్జింగ్ పెడుతున్నాడు కాబట్టి అది తన ఇంటిదే అనుకున్నాడు. వీధి లోడు మోయలేక కారు ట్రిప్ అయి తనే ఆగిపోతుందిగా అంటారు తెలివైనవాళ్ళు. వీధంతా ఉంటే నిజమే. తీగ తెగి, ఆ ముక్కకు మిగిలింది రెండిళ్ళే, రెండోదీ వేరే తీగ మీద అయితే ట్రిప్ అవుతుందని ఎవరు హామీ?

డేవిడ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "అన్నకేమన్న అయిందా ఆంటీ?" గేటు బయట, నిచ్చెన దిగి వచ్చిన యాదగిరి గొంతు వినిపించింది. "కాలే తమ్మీ, ఉన్న. ముందుగాల అమ్మను చూడుండ్రి."

ఎక్స్‌టెన్షన్ కావాలి. వాళ్ళింట్లో ఉన్నది బెత్తెడు. వాళ్ళ పక్కింటి ప్రభావతి గారు గేటులోంచే అరిచారు. "మా మేడ మీద వినాయకుడి పందిరి వైరుందండీ! తెస్తానుండండి!" తెచ్చారు కూడా, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని. పందిరి వైర్లంటే నాకు నమ్మకం లేదు, మధ్యలో టేపు చుట్టిన అతుకులుంటాయి. చేత్తో తడుముకుంటూ పోయాను. ఒకచోట అతుకు దొరికింది. అక్కడికి కత్తిరించి, మిగిలిన మంచి ముక్కకు యాదగిరి తన సామానులోంచి మూడు పిన్నుల ప్లగ్ బిగించాడు. కారు నుంచి బాల్కనీ మీదుగా పైకి లాగాం. రెండో చివరున్న బోర్డులో సునీత మిషన్ ప్లగ్ పెట్టింది.

మేం కింద ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పైన మిషన్ గుర్రుమంది. సునీత బాల్కనీలోకి వచ్చి, "నడుస్తుంది! అమ్మకు అందుతుంది!" అని అరిచింది. నేను గంతేశాను. నిజంగానే, ఈ మోకాళ్ళతో. డేవిడ్ కారును పట్టుకుని ఏడుస్తుంటే, ప్రభావతి గారు ఆయన వీపు నిమిరారు.

కొత్త లైన్ క్లియర్

యాదగిరి గోడ పక్కన పడి ఉన్న రెండు ప్లగ్గుల వైరు తీశాడు. చుట్టచుట్టి, ఫ్యూజులున్న సంచిలో వేసుకున్నాడు. వీధి తీగలోకి కరెంటు వచ్చే దారులన్నీ ఇప్పుడు అతని భుజం మీద ఉన్నాయి. కామన్ మెయిన్ కూడా ఆపించాడు. ఈలోపు రెండో చైను వచ్చింది, అటు పక్క కూడా ఎర్త్ వేశాడు. నిచ్చెన దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"తమ్మీ, నేను ఎక్కుతున్న. నీ కారు కరెంటు ఇంటి తీగల్లకు ఒస్తదా?"

డేవిడ్ నా వైపు చూశాడు. నేను చెప్పనన్నాను. "అడిగింది నిన్ను. నీ కరెంటుకు నువ్వే సబ్‌స్టేషన్‌వి."

ఆయన వెళ్ళి గోడ సాకెట్ చూశాడు. మెయిన్లు చూశాడు. పైకి పోయిన వైరు కొస దాకా వెళ్ళి చూసి వచ్చాడు. గేటు బయటికొచ్చి, స్తంభం కింద నిలబడి చెప్పాడు. "రాదన్నా. గా వైరు మిషన్‌కే పోయింది, ఇంకేడికీ పోలే. ఎక్కు."

చదువుతున్న కుర్రాళ్ళారా, అమ్మాయిలారా, ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాశాను. నా కాలంలో లైన్ క్లియర్ ఇచ్చే మనిషి సబ్‌స్టేషన్‌లో ఉండేవాడు. మీ కాలంలో ప్రతి గేటు వెనకా ఉంటాడు. ఎంత గొప్ప కాలం! ఎంత జాగ్రత్త కావలసిన కాలం! స్తంభం ఎక్కే ముందు వీధిలో ఏ ఇంట్లో అలాంటి కారుందో అడగండి, సిగ్గుపడకండి. ఆ ఇంటివాళ్ళను విసుక్కోకండి, మీ సాటి ఉద్యోగుల్లా మాట్లాడండి. వాళ్ళు అర్థం చేసుకుంటారు. డేవిడ్ మరుసటి వారమే లైసెన్సున్న మనిషిని పిలిపించి చేంజోవర్ పెట్టించుకున్నాడు. ఆ పని జరిగినంతసేపూ పక్కనే నిలబడి ఆ మనిషి ప్రాణం తీశాను.

ఆ సాయంత్రం సంగతి ముగించాలి. యాదగిరి తీగలు కట్టాడు. దిగాడు, చైన్లు తీశాడు, తన నోటితోనే లైన్ క్లియర్ తిరిగిచ్చాడు, ఫ్యూజులు పెట్టాడు. వీధంతా ఒక్కసారి వెలిగింది. పిల్లలు మళ్ళీ కేకలు పెట్టారు. నేను ఆ ఉత్సాహంలోనే మెట్లెక్కి, మిషన్‌ను గోడ సాకెట్‌కు మార్చుదామని గదిలోకి వెళ్ళబోయాను. సునీత తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. వెనక మంచం మీద మార్తమ్మ, ముక్కున గొట్టంతో, నోరు కొంచెం తెరుచుకుని, రొమ్ము మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది.

"ఇప్పుడే కన్నంటుకున్నది ఆంటీ," అంది సునీత గుసగుసగా. "మిషన్ బంద్ చేస్తే లేస్తది. ఆ కరెంటును జర ఆగమనుండ్రి."

కరెంటు వస్తే ఆగమన్న మనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. సరేనని చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాను.